ఊదా చీర, పసుపు దారం

నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను చేసిన పని ఒక్కటే: పత్తిని చేత్తో పట్టుకుని చూడడం. రాయచూరు గంజులో, అంటే మార్కెట్ యార్డులో, ఏ బండి ఆగినా, ఏ మూట విప్పినా, చిటికెడు దూది తీసి రెండు బొటనవేళ్ళ మధ్య లాగి పింజ పొడవెంతో, బలమెంతో చెప్పేవాణ్ణి. తర్వాత కొలిచే మిషన్లు వచ్చాయి. వాటి మాటకూ నా మాటకూ వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఈ సంగతి ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పుకున్నానో నాకే గుర్తులేదు. నేను "ఒకసారి ఏమైందంటే" అని మొదలుపెట్టగానే మా ఇంటావిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అంత పొగరుగా తిరిగేవాడి మీదికి వియత్నాం నుంచి ఒక ఉత్తరం వచ్చి పడింది. యరమరస్‌లో కొత్త కరెంటు ప్లాంటుకు పునాదులు తవ్వుతున్న రోజులవి. మా షావుకారు జిన్నింగ్ మిల్లు నుంచి పోయిన బేళ్ళలో రంగు పోగులు కలిసి వస్తున్నాయనీ, తెల్లటి నూలులో అవి మచ్చల్లా తేలుతున్నాయనీ, ఇలాగైతే మీ సరుకు మాకు వద్దనీ అక్కడి నూలు మిల్లువాళ్ళు రాశారు. ఆ బేళ్ళలో ఎక్కువ భాగం జాలహళ్ళి అనే ఊరి పత్తి. దాన్ని చూసి, వంక పెట్టడానికి లేదని చీటీ మీద సంతకం చేసింది నేను.

షావుకారు నన్ను పిలిపించి ఆ ఉత్తరం బల్ల మీద పడేశాడు.

"నువ్వు జూసిన పత్తిల రంగు పోగులెట్లొచ్చినయ్?"

"మనది కాదు సేట్. వాళ్ళు పది దేశాల పత్తి తెప్పిస్తరు. యాడిదో కలిసింటది."

"గట్లయితే పొయ్యి ఆ మాటే వాళ్ళ ముందల జెప్పు. మనది గాదని తేల్చుకొని రా. తేలకపోతే వచ్చే సీజన్ల నువ్వు గంజుల పత్తి ముట్టుకునేది లేదు. గంతే."

ఒళ్ళు మండిపోయింది. షావుకారు మీద కాదు, ఆ మిల్లు మీద. నా చేతిని శంకించేవాడు సముద్రం అవతల ఒకడు తయారయ్యాడా అనుకున్నాను. వెళ్తానన్నాను.

విమానం ఎక్కడం అదే మొదటిసారి. అక్కడ ఏం పెడతారో, అందులో ఏం కలుపుతారో అని, వారానికి సరిపడా, ఎండి నిలవుండే కటక్ జొన్నరొట్టెలు, పల్లీ పొడి, వెర్రినువ్వుల్లాంటి గుర్రెళ్ళ పొడి, పుంటికూర పచ్చడి కట్టించుకున్నాను. తమ్ముడు శక్తినగర్ బొగ్గు కరెంటు ప్లాంటులో పని చేస్తాడు. ట్రైనింగులకు తిరిగినవాడు కాబట్టి వాడి దగ్గర పెట్టె ఉంది. ఆ పెట్టె లోపలి గుడ్డ ఎప్పుడో చిరిగితే మా అమ్మ పసుపు దారంతో రఫ్ఫు చేసి పెట్టింది. అమ్మ ఏ రంగు గుడ్డ చిరిగినా పసుపు దారంతోనే కుట్టేది. మచ్చు పొట్లాలకు చీటీలు కట్టే దారం కండెలు నేను గంజు నుంచి ఇంటికి తెచ్చేవాణ్ణి. ఉన్న దారం ఉండగా ఇంకో దారం కొనడం ఆమె ఒంటికి పడేది కాదు. అమ్మ పోయి అప్పటికి ఏడాదిన్నర.

రొట్టెల దొంతర చూసి మా ఇంటావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏందిది, దేశం జూడనీకె పోతున్నరా, ఈడికెల్లి రాయచూర్‌నే మోస్కపోతున్నరా?"

"దేశం జూడనీకె గాదు. కొట్లాడనీకె."

"కొట్లాడుకుంటనే ఇంత జూడుండ్రి. వచ్చినంక నాకు జెప్పనీకన్న ఉంటది."

మొదటి రెండు రోజులు ఆమె మాట నేను వినలేదు. హోటలు గదిలో తలుపు వేసుకుని రొట్టె నానబెట్టుకుని తిన్నాను. కిటికీ కింద ఏదో సంత నడుస్తోంది. దాని కేకలు వినబడకుండా కిటికీ మూశాను. రాయచూరులో పుట్టినవాడి నోట మూడు భాషలు వాటంతట అవే తిరుగుతాయి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం, బజారులో ఉర్దూ. ప్రపంచంలో ఎక్కడికి పోయినా బతికేస్తానని నాకో ధీమా. అక్కడ ఆ మూడింటిలో ఒక్కటీ పనికిరాలేదు. మిల్లువాళ్ళు నాకు తోడిచ్చిన దుబాసీ అమ్మాయికి కాస్త ఇంగ్లీషు వచ్చు, నాకూ కాస్తే వచ్చు. ఇద్దరం ఒక్కో మాటకు ఒక్కో నిమిషం తీసుకునేవాళ్ళం.

మేనేజరు మర్యాదస్తుడు. ముందు టీ పోశాడు, తర్వాత నూలు కండెలు వరసగా పెట్టాడు. ఒక్కోదాని మీద ఊదా, ఎరుపు, ఆకుపచ్చ నలుసులు. నేను ఆయన మాట కూడా పూర్తిగా వినకుండా ఇది మాది కాదన్నాను. రుజువేంటన్నాడు. మా పత్తి నేను చూశాను, అదే రుజువన్నాను. ఆ అమ్మాయి దాన్ని ఎలా చెప్పిందో గానీ ఆయన నవ్వు ఆపుకోవడానికి టీ తాగాడు. రెండో రోజూ ఇదే వరస. చివరికి ఆయన, ఎల్లుండి పొద్దున తేల్చి చెబుతామనీ, రేపు మీరు పడవ మీద నది చూసి రండనీ చెప్పి, టిక్కెట్టు నా చేతిలో పెట్టాడు.

నేను నదికి వెళ్ళలేదు. ఇదేదో గొప్ప మనసుతో చేసిన పని అని చెప్పుకోవాలని ఉంది గానీ, నిజం అది కాదు. పోగులు ఏరే చోట కూర్చుంటే, వాళ్ళు పది దేశాల పత్తిని ఎలా కలగాపులగం చేస్తున్నారో పట్టుకోవచ్చని నా ఎత్తు. ఏరే బల్ల దగ్గర ఒక పూట కూర్చుంటానని అడిగాను. మేనేజరు కాసేపు నన్ను ఎగాదిగా చూసి సరేనన్నాడు.

పొద్దున హోటలు నుంచి మిల్లుకు నడిచి వెళదామనుకుంటే రోడ్డు దాటడమే గండమైంది. మోటారు సైకిళ్ళు తెంపు లేకుండా వస్తూనే ఉన్నాయి. పావుగంట నిలబడ్డాను. కూరగాయల బుట్టలు మోస్తున్న ఒక ముసలామె నన్ను చూసి, ఏమీ అనకుండా మోచెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి దింపింది. పరిగెత్తలేదు, ఆగలేదు, గుడిలో ప్రదక్షిణ చేస్తున్నట్టు నడిచింది. బళ్ళన్నీ మా ఇద్దరికీ అటూ ఇటూ తప్పుకుని పోయాయి. అవతలి ఒడ్డున నా చెయ్యి వదిలేసి తన దారిన తాను వెళ్ళిపోయింది. నేను దండం పెట్టేసరికి ఆమె వెనక్కి చూడనేలేదు. అప్పుడు మొదటిసారి చుట్టూ చూశాను. చిన్న చిన్న ప్లాస్టిక్ పీటల మీద జనం కాఫీ తాగుతున్నారు. ఒక పిట్ట పంజరంలోంచి మహా గట్టిగా అరుస్తోంది. రెండు రోజులుగా ఈ వీధిలోనే ఉన్నాను, ఇదేమీ నా కళ్ళబడలేదు. నేనూ ఒక పీట మీద కూర్చుని, వేలు చూపించి, ఒక కాఫీ తెప్పించుకున్నాను. చేదుగా, చిక్కగా బాగుంది.

మిల్లులో పొడవాటి బల్లలు, వాటి మీద తెల్లటి ట్యూబులైట్లు. బేలు విప్పి దూదిని పల్చగా పరుస్తారు, బల్లకు ఒకరు చొప్పున ఆడవాళ్ళు చేతులతో తడుముతూ చెత్త ఏరుతారు. నన్ను కూర్చోబెట్టిన బల్ల దగ్గరున్న ఆమెకు యాభై అయిదు దాటి ఉంటాయి. పొట్టి మనిషి, జుట్టు బిగించి గుడ్డ కట్టుకుంది. ఆమె ముందు ఉన్నది మా బేలే. దాని గుర్తు నాకు తెలుసు. కలగాపులగం ఏమీ లేదు, ఒక బేలు పూర్తయ్యాకే ఇంకోటి విప్పుతున్నారు. నా ఎత్తు అక్కడే చిత్తయింది.

ఊరికే కూర్చోలేక నేనూ చెయ్యి పెట్టాను. నా చేయి కదా! నేను ఒక వెంట్రుక పట్టుకునేసరికి ఆమె ఒక గోనె పీచు, రెండు ఆకు ముక్కలు, ఒక ఎర్ర పోగు తీసి పక్కన పెట్టింది. ఆమె కళ్ళతో వెతకడం లేదు. అరచెయ్యి దూది మీద అలా పోతూ పోతూ ఒకచోట ఆగుతుంది. ఆగిన చోట ఏదో ఉంటుంది. గంట గడిచాక నేను పోటీ మానుకున్నాను. ఆ చెయ్యి ఎక్కడ ఆగుతుందా అని చూస్తూ ఉండిపోయాను. ఎన్నాళ్ళయిందో నేను నోరు మూసుకుని ఒకరి పని చూసి! జేబులో ఫోను ఉందన్న సంగతే మరిచిపోయాను. గంజులో రేట్లు ఎలా ఉన్నాయో ఆ పూట నాకు తెలియదు.

మధ్యాహ్నం ఆమె డబ్బా విప్పింది. అన్నం, ఉడికించిన ఆకుకూర, ఒక పొడి. ఆ రోజు పున్నమి, పున్నమికి ఆమె మాంసం ముట్టదని దుబాసీ అమ్మాయి చెప్పింది. మా అమ్మా పున్నమికి ఒంటిపూటే తినేది. ఆమె పొడి కాస్త నా అరచేతిలో వేసింది. పల్లీలు, నువ్వులు, ఉప్పు. కారం లేదన్న మాటే గానీ, అది మా ఇంటి పొడి. నా రొట్టె విరిచి, మీద మా పల్లీ పొడి వేసి ఇచ్చాను. ఆమె కరకరా నమిలి, కళ్ళు పెద్దవి చేసి, కారానికి నాలుక బయటపెట్టి, మళ్ళీ చెయ్యి చాపింది. చుట్టూ బల్లల వాళ్ళంతా వచ్చారు. సంచిలో మోసుకొచ్చిన మిగతా రొట్టెలన్నీ ఆ పూటే అయిపోయాయి. మర్నాటి నుంచి ఏం తింటానన్న ఫికరు నాకు కలగలేదు.

తిన్నాక ఆమె బల్ల కింద నుంచి ఒక బిస్కెట్ల రేకు డబ్బా తీసింది. పత్తిలో దొరికే చెత్తను తూకం వేసి పారేస్తారు. వాటిలో వింతగా ఉన్నవి మాత్రం ఆమె దాచుకుంటుందట. గాజు ముక్క, కోడి ఈక, ఎవరిదో చొక్కా గుండీ, ఆడపిల్ల రిబ్బను కొస. ఒక్కోటి తీసి చూపిస్తోంది. నేను నవ్వుతూ చూస్తున్నాను. అప్పుడు ఒక గుడ్డ ముక్క తీసి నా అరచేతిలో పెట్టి, వేలితో దాని మీద కుట్టును రాసి, బొటనవేలు పైకెత్తి చూపించింది. కుట్టు చాలా బాగుందని.

ఊదారంగు నైలాన్ ముక్క. రెండు వేళ్ళంత వెడల్పు. మధ్యలో పసుపు దారంతో రఫ్ఫు.

దాన్ని లైటు కిందికి జరిపి చూశాను. తమ్ముడికి ప్లాంటులో మొదటి జీతం వచ్చినప్పుడు అమ్మకు కొన్న చీర అది. అంతదాకా అమ్మ నూలు చీరలే కట్టింది. ప్లాంటు జీతాలతో పాటే బజారులో నైలాన్ చీరల దుకాణాలు లేచాయి. "ప్లాంటు బూడిద పట్టదురా, దులిపితె పోతది" అని ఆ ఊదా చీర మెచ్చుకుని, చిరిగిన చోటల్లా కుట్టుకుంటూ ఏళ్ళ తరబడి కట్టింది. ఇక కట్టలేనంత అయ్యాక అన్ని పాత చీరల్లాగే అదీ జాలహళ్ళికి పోయింది. ఏటా పత్తి తీసే ముందు నేను ఆ ఊరికి వెళ్ళేటప్పుడు, ఉత్త చేతులతో పోవద్దని, పత్తి తీసే ఆడవాళ్ళకు అమ్మ పాత చీరల మూట కట్టి ఇచ్చేది. వాళ్ళు వాటితో ఒడి కట్టుకుని పత్తి తీస్తారు, వాటిలోనే మూట కడతారు. నూలు చీరలున్నన్నాళ్ళు వాటి పోగు నూలులో కలిసినా పెద్దగా తేలేది కాదు. నైలాన్ పోగు కలవదు, రంగు దిగదు. అమ్మ పోయాక మిగిలిన చీరల మూట మోసుకెళ్ళిందీ నేనే. ముప్పై ఏళ్ళు పింజను లాగి చూసినవాణ్ణి, అది దేనిలో కట్టి వచ్చిందో ఒక్కనాడూ చూడలేదు.

అమ్మ కుట్టు కూడా చూడలేదు. చివరి ఏడాది వసారాలో కూర్చుని కుట్టుకుంటూ నాతో ఏదో చెబుతూ ఉండేది. నేను ఫోనులో రేట్లు వింటూ ఊ అనేవాణ్ణి. ఏం చెప్పిందో ఒక్క ముక్క గుర్తులేదు. ఇక్కడ ముక్కూ మొహం తెలియని మనిషి, చెత్తలో దొరికిన గుడ్డ మీద ఆ కుట్టును చూసి, పారేయడానికి మనసొప్పక దాచిపెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు. అందరి ముందూ ఏడ్చాను.

అందరూ కంగారుపడ్డారు. ఆమె మాత్రం నా మణికట్టు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆ ముక్క ఎక్కడిదో ఆ హాలులో నాకొక్కడికే తెలుసు. నోరు మెదపకపోతే ఎవరూ కనిపెట్టలేరు. మర్నాడు పొద్దున మాది కాదని ఇంకోసారి గట్టిగా అని, నా సంతకం కాపాడుకుని ఇంటికి పోవచ్చు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ ఆమె చెయ్యి ఇంకా నా మణికట్టు మీదే ఉంది.

"దిస్ ఈజ్ మై మదర్స్" అన్నాను. నా ఇంగ్లీషులో తప్పు లేకుండా వచ్చిన మాట అదొక్కటే.

దుబాసీ అమ్మాయి చెప్పగానే ఆమె చేతులతో నోరు మూసుకుంది. తర్వాత గబగబా ఏదో అడిగింది. మీ అమ్మ కులాసానా, ఇంకా కుడుతోందా అని. అవునన్నట్టు నేను తల ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పోయిందని చెప్పడానికి ఆ పూట నాకు మనసు రాలేదు.

మర్నాడు మేనేజరుకు అంతా చెప్పాను. పోగులు మావే, చీరలు మా ఇంటివే, చూడకపోవడం నా తప్పే. వాదనకు సిద్ధమై కూర్చున్న మనిషి చేతిలోని కాగితాలు పక్కన పెట్టేశాడు. మరి ఏం చేస్తారని అడిగాడు. రంగు గుడ్డలు మాన్పించి తెల్లటి నూలు దుప్పట్లు నేనే తీసుకెళ్ళి ఇస్తానన్నాను. వచ్చిన బేళ్ళు ఏరించి వాడుకుంటామనీ, వచ్చే ఏటి సరుకు చూసి మాట్లాడతామనీ చెప్పాడు. నేను బయల్దేరేటప్పుడు పత్తి ఏరే ఆమె గేటు దాకా వచ్చింది. ఆ గుడ్డ ముక్కను కాగితంలో చుట్టి ఇచ్చింది. దాంతో పాటు ఒక కొత్త దారం కండె. పసుపు. మీ అమ్మకు ఇవ్వమంది. రెండు చేతులతో తీసుకున్నాను.

షావుకారు ఎగిరిపడ్డాడు. "కొట్లాడి రాపోరా అంటే ఒప్పుకొని వచ్చినవా?" అని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు తెల్లబట్ట తానులు తెప్పించి మిల్లు వాకిట్లో దింపించాడు. నన్ను గంజు నుంచి తీసెయ్యనూ లేదు. మాటతో చెప్పలేదు గానీ, ఆ తానులే చెప్పాయి. మనిషి మంచివాడు, నోరే కాస్త పెద్దది.

దుప్పట్లు తీసుకుని జాలహళ్ళి వెళితే ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. "ఏన్రీ సావుకార్రే, యార్ సత్తార్రీ?" అంది ఒకామె, ఇంత తెల్లబట్ట తెచ్చారు, ఎవరు పోయారని. ఇంకొకామె దుప్పటి మెడకు రాసుకుని చూసి, ఇది గరుకు, మెడ కోసుకుంటుంది, మీ అమ్మ చీరలు మెత్తగా ఉండేవి అంది. అదీ నేనెప్పుడూ ఆలోచించని సంగతే. దుప్పట్లన్నీ వెనక్కి తెచ్చి, రెండుసార్లు ఉతికించి, మెత్తబడ్డాక మళ్ళీ తీసుకెళ్ళాను. ఇంట్లో పాత చీరలు ఇప్పటికీ వాళ్ళకే పోతాయి, బొంతలు కుట్టుకోవడానికి. ఆ ఊళ్ళో ఇప్పుడు నేను పత్తి కన్నా ముందు మూటగుడ్డ చూస్తాను. చెట్టు నీడన కూర్చుని, వాళ్ళు చెప్పేదంతా వింటాను. మా ఇంటావిడ కూడా నేను కథ మొదలుపెడితే ఇప్పుడు లేచి పోవడం లేదు. కాఫీ కథ, రోడ్డు దాటిన కథ ఎన్నిసార్లు చెప్పించుకుందో.

దారం కండెను మొదట అమ్మ ఫోటో ముందు పెట్టాను. కొన్నాళ్ళకు అది తప్పనిపించింది. మిల్లులో ఆమె దాన్ని పూజకు ఇవ్వలేదు, కుట్టడానికి ఇచ్చింది. నా చొక్కా జేబు చిరిగితే సూది తీసుకుని వసారాలో కూర్చున్నాను. ఆ ఊదా ముక్క పక్కన పెట్టుకుని, చూసి చూసి కుట్టాను. మా ఇంటావిడ వచ్చి వంగి చూసింది. "వంకరబొయింది" అంది. నాకూ కనిపిస్తోంది. అయినా ఆ చొక్కా వేసుకునే గంజుకు వెళ్ళాను. ఆ తర్వాత ఇంట్లో ఏది చిరిగినా ఆ దారంతో నేనే కుడుతున్నాను.

మరుసటి సీజను సరుకు అందాక దుబాసీ అమ్మాయి నుంచి ఫోనుకు నాలుగు ముక్కల సందేశం వచ్చింది. ఈసారి మీ బేళ్ళలోంచి పత్తి ఏరే ఆమె రేకు డబ్బాలోకి ఏమీ పోలేదు, ఖుషీగా ఉంది. మీ అమ్మ ఎలా ఉన్నారని అడుగుతోంది.

చాలాసేపు ఫోను పట్టుకుని కూర్చున్నాను. మా ఇంటావిడ పక్కనే పల్లీలు ఒలుస్తోంది. చదివి వినిపించాను. ఆమె ఒలవడం ఆపింది.

అమ్మ కులాసాగా ఉందని రాశాను. మీరిచ్చిన దారం బాగుందని చెప్పమంది, కండె సగం అయిపోయింది, ఇంకా కుడుతూనే ఉంది.